ఎదుట తెరిచిన కళ్ళు ఉండకూడదు

అక్టోబరు 3

ఆయన్ని ఇంటికి తెచ్చాం. మెదడులో నరం చిట్లి పడిపోయి ఇవాళ్టికి ముప్పై రోజులు. ఆసుపత్రి మంచం హాల్లో వేయించాను, బాల్కనీ గాజు తలుపుకి ఎదురుగా. పడకగదిలో పట్టదని యూలియెన్‌తో అన్నాను. కొలిచి చూద్దామని ఆమె అనలేదు. నేనూ కొలవలేదు.

గాజు తలుపవతల సవతి పంజరం. నలభై ఊసరవెల్లుల్లో మిగిలింది అదొక్కటే. మిగతావన్నీ ఆయన ఆసుపత్రిలో ఉండగా ఎవరెవరో వచ్చి పట్టుకుపోయారు. దీన్ని ఎందుకు ఉంచానో నాకే తెలియదు. ఆయన దానికి త్సుయి అని పేరు పెట్టాడు, పచ్చరాయి అని అర్థం వచ్చేలా. నాకు ఈ ముప్పై ఏళ్ళలో "ఏయ్" కాక మరో పేరు లేదు.

యూలియెన్ ఆయన చెల్లెలు. పొద్దుటి పలహారాల కొట్టు నడుపుతుంది. మధ్యాహ్నం కట్టేశాక పాలబొంత చేప గంజి పట్టుకుని వచ్చింది, ఆయన గొట్టంతో తప్ప తాగలేడని మరిచిపోయి. బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషి. పంజరం వైపు వీపు పెట్టి కూర్చుంది.

"పొద్దున్నే లేచి అన్నయ్య దాని మొహమే చూడాలా వదినా?"

"ముప్పై ఏళ్ళు ఆ జాతి మొహాలే చూశాడు కదా. ఇప్పుడు కొత్తగా నా మొహం చూపిస్తే దడుచుకుంటాడు."

"నీ నోరు మాత్రం ఆసుపత్రి మెట్లెక్కినా తగ్గలేదు" అంది. గంజి నేనే తాగాను. బాగుంది.

అక్టోబరు 4

అంతా ఆయన నోటుబుక్కు ప్రకారమే. ఏడింటికి దీపం. ఏడుంపావుకి నీళ్ళు చల్లడం, ఆకుల చివర్ల నుంచి బొట్లు జారేదాకా. అది గిన్నెలో నీళ్ళు తాగదు, జారే బొట్టే తాగుతుంది, మహారాణి. ఎనిమిదింటికి కీచురాళ్ళు ఆరు, వాటి మీద కాల్షియం పొడి. మధ్యాహ్నం మళ్ళీ నీళ్ళు. సాయంత్రం తినకుండా మిగిలిన పురుగుల్ని ఏరెయ్యాలి, లేకపోతే నిద్రలో దాన్నే కొరుకుతాయి. ఏడింటికి దీపం ఆర్పి గుడ్డ కప్పాలి.

తర్వాత ఆయన. గొట్టంలోంచి పాలు. రెండు గంటలకోసారి వీపు కింద దిండు మార్చడం. నోరు తుడవడం. కళ్ళల్లో చుక్కలు. తల ఎటూ తిరగదు, గుడ్లు పక్కకి కదలవు, ఎదురుగా ఉన్నది చూడటమే.

ఇద్దరిలో ఎవరూ మాట్లాడరు. పని సుఖంగా ఉంది.

పొద్దున ఒకటి జరిగింది. పురుగుల మీద పొడి చల్లడం మరిచిపోయి డబ్బా లోపల పెట్టబోయాను. ఇటు తిరిగేసరికి ఆయన కళ్ళు పైకీ కిందికీ, పైకీ కిందికీ కదులుతున్నాయి. డబ్బా బయటికి తీసి పొడి చల్లాను. కదలిక ఆగిపోయింది.

లోపల మనిషి లేడన్నారు డాక్టర్లు. ఉన్నాడు. ఉండి, తిరిగొచ్చి, మొట్టమొదట చేసిన పని నా పనిలో తప్పు పట్టడం.

ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి చూసినదాన్ని పట్టుకుని చెబితే నవ్విపోతారు. రెండోసారి చూశాక చెబుతాను.

అక్టోబరు 5

రెండోసారి చూశాను. మూడోసారి కూడా చూశాక చెప్పడం మంచిది.

అక్టోబరు 7

ఆసుపత్రి నుంచి డాక్టర్ వెయ్ ఫోను. పద్దెనిమిదిన పొద్దున పదింటికి ఇంటికొచ్చి ఆయన్ని పరీక్షిస్తాడట. చెప్పింది అర్థం చేసుకుని కళ్ళతో జవాబిస్తే పునరావాసం వార్డులో మంచం ఇస్తారు. అక్కడ కళ్ళు కదిపితే మాటలు రాసే యంత్రం ఉందట, కొందరు ఉత్తరాలు కూడా రాస్తారట. జవాబు లేకపోతే కొండల దగ్గర సంరక్షణ గృహం. అక్కడ తిండి పెడతారు, పక్కకి తిప్పుతారు, అంతే. ఆరు నెలల దాకా మళ్ళీ చూడరు.

"ఇప్పటిదాకా ఏమైనా కనిపించిందా అమ్మా? కళ్ళు కదపడం గానీ?" అని అడిగాడు.

"ఖచ్చితంగా చెప్పలేను డాక్టరు గారూ" అన్నాను. అబద్ధం కాదు. ఖచ్చితంగా చెప్పలేనని నిజంగానే అనుకున్నాను ఆ నిమిషంలో.

కళ్ళతో మాటలు రాసే యంత్రం. ముప్పై ఏళ్ళు నోటితో అన్నది చాలలేదన్నట్టు.

అక్టోబరు 9

సవతి నల్లబడింది. ఒంటి నిండా నలుపు, మధ్యలో నారింజ చారలు. ఊసరవెల్లి రంగులు మారిస్తే మోసమని లోకం అంటుంది కానీ ఆడదానికి ఈ రంగొచ్చిందంటే కడుపుతో ఉందని అర్థం, మగాణ్ణి దగ్గరికి రానివ్వదని. ఆయన పడిపోవడానికి వారం ముందే మగదాన్ని కలిపాడు. ఇరవై ఏళ్ళుగా పెంచుకొచ్చిన నీలి వంశంలో ఇదే చివరిది. ఈ గుడ్లు పోతే ఆ వంశం పోయినట్టే.

నోటుబుక్కులో ఆ పేజీ తీశాను. గుడ్లు పెట్టడానికి మూరెడు లోతు తొట్టిలో తడి ఇసుక పెట్టాలి. తవ్వడం మొదలెట్టాక పంజరానికి ముందువైపు గుడ్డ కప్పాలి. ఆ కింద ఈ మాటలకి ఎర్రసిరాతో రెండు గీతలు: "తవ్వేటప్పుడు ఎదుట తెరిచిన కళ్ళు ఉండకూడదు. చూస్తే మానేస్తుంది. మానేస్తే గుడ్లు లోపలే ఉండిపోయి చస్తుంది."

ఆ ఎర్రగీతలు నాకోసం గీసినవి.

పదకొండేళ్ళ కింద ఒకటి తవ్వుతోంది. ఇంట్లో అందరం మూడు రోజులు తలొంచుకుని తిరిగాం. మూడో రోజు నాకు ఆగలేదు. గుడ్డ అంచు రెండు వేళ్ళతో ఎత్తి చూశాను. తల ఇసుకలో, తోక పైన, వెనక కాళ్ళతో ఇసుక తోస్తోంది. నన్ను చూసింది. బయటికొచ్చి కొమ్మెక్కి కూర్చుంది. తొమ్మిది రోజులకి చచ్చిపోయింది.

ఆయన కత్తెర నా చేతికిచ్చాడు. కోసి లెక్కపెట్టమన్నాడు. ఆ రోజు ఊసరవెల్లుల పెంపకం నేర్చుకునే ఆయన శిష్యులు నలుగురు ఇంట్లో ఉన్నారు, వాళ్ళ ముందే. ముప్పై ఒకటి. లెక్క చెప్పాక అన్నాడు: "నీ కడుపు ఎలాగూ ఎండిపోయింది, దాని కడుపు కూడా ఎండబెట్టావు."

శిష్యుల్లో ముగ్గురు నేల చూపులు చూశారు. షిన్‌పింగ్ అనే కుర్రాడు మాత్రం వంటింట్లోకి వచ్చి నా చేతుల మీద నీళ్ళు పోశాడు.

ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. ఏడుపు కాదు, కోపం.

అక్టోబరు 11

తొట్టి పెట్టాను, నోటుబుక్కులో ఉన్నట్టే. గాజు తొట్టి. ఆయన చూస్తూనే ఉన్నాడు. మూరెడు ఇసుక పోశాక కళ్ళు పైకెత్తి దించాడు. మెచ్చుకోలు కాబోలు. ముప్పై ఏళ్ళలో మొదటిది.

అక్టోబరు 14

తవ్వుతోంది.

పంజరం గుడ్డ ఉతుకుదామని పొద్దునే నానబెట్టాను. మాసిపోయింది మరి. ఎండేదాకా గుడ్డ లేదు. వేరే దుప్పటి కప్పొచ్చు కానీ నోటుబుక్కులో ఆ గుడ్డే అని రాసుంది.

పదింటికి ఆయన కళ్ళు పైకీ కిందికీ కొట్టుకున్నాయి. చాలాసేపు. నేను బట్టలు మడత పెట్టుకుంటున్నాను. తర్వాత ఆగిపోయాయి. చూస్తే కళ్ళు మూసుకున్నాడు.

నిద్రనుకున్నాను. పన్నెండింటికి పాలు పోశాను, తెరవలేదు. రెండింటికి పక్కకి తిప్పి మళ్ళీ ఎదురుగా పెట్టాను, తెరవలేదు. రెప్పలు వణుకుతున్నాయి. నిద్రపోయేవాడి రెప్పలు అలా బిగుసుకోవు.

ఏడింటికి దీపం ఆర్పి ఆరిన గుడ్డ కప్పాను. "కప్పాను" అని పైకే అన్నాను. కళ్ళు తెరిచాడు.

దానికోసం తొమ్మిది గంటలు గుడ్డివాడిలా పడుకున్నాడు. నాకోసం ఒక్కసారి కూడా ఇటు చూపు తిప్పని మనిషి. నాకు నవ్వొచ్చింది. తర్వాత అంత ఏడుపొచ్చింది. రెండూ ఆయనకి వినపడే ఉంటాయి.

అక్టోబరు 15

పొద్దున గుడ్డ తీసేశాను. నీళ్ళు చల్లాలి కదా. చల్లాక కప్పొచ్చు. కప్పలేదు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

యూలియెన్ ఇవాళ పొద్దుపోయి వచ్చింది, దీపం ఆర్పాక. లోపలికి అడుగుపెట్టగానే ఆగిపోయింది.

"వదినా, అన్నయ్య నన్ను చూస్తున్నాడు."

"చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. తెరిచి ఉంటే చూస్తున్నట్టేనా?"

"ఛ, నోరు ముయ్యి." మంచం దగ్గరికెళ్ళి వంగింది. "అన్నయ్యా, నేను యూలియెన్‌ని. తెలుస్తోందా? తెలిస్తే పైకి చూడు."

పైకి చూశాడు.

"అమ్మ పేరు ఏమిటి? మేయ్‌చూనా?" కదల్లేదు. "ఆహ్వా అనా?" పైకి చూశాడు. యూలియెన్ నేల మీద కూలబడి ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఏడవకపోతే బాగుండదని. కాదు, నిజంగానే ఏడ్చాను.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"నాకెలా తెలుస్తుంది?"

"డాక్టర్ని సాయంత్రం రమ్మని చెప్పు. పగలు నిద్రపోతున్నాడేమో."

"మనకోసం వాళ్ళ వేళలు మార్చుకుంటారా? పదింటికి వస్తామన్నారు, పదింటికే వస్తారు. ఆ వేళకి తనే తెరుస్తాడులే."

దుప్పటి కప్పితే చాలు అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. రాకుండా చూసుకున్నాను.

అక్టోబరు 16

మధ్యాహ్నం చుక్కలు వెయ్యాలి. చుక్కలు వెయ్యకపోతే గుడ్లు ఎండిపోతాయని నర్సు చెప్పింది. కాబట్టి తప్పదు. రెండు వేళ్ళతో రెప్పలెత్తాను. ఆయన గుడ్లు పైకి తిప్పేసుకున్నాడు, తెల్లగుడ్డు తప్ప ఏమీ లేదు. ఒక కంట్లో వేశాను. రెండో కంట్లో వేశాను. వేశాక కూడా వేళ్ళు తియ్యలేదు.

ఎంతసేపు పట్టుకున్నానో రాయను.

పైకే చూస్తూ ఉండటం ఎంత కష్టమో. గుడ్లు అదురుతూ అదురుతూ కిందికి జారాయి. సరిగ్గా అప్పుడే అది ఇసుకలోంచి తల బయటపెట్టింది. ఇటు చూసింది. ఒక కన్ను ఆయన మీద, ఒక కన్ను నా మీద. తొట్టి దిగి కొమ్మెక్కింది.

ఆయన గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆయన నోటి నుంచి ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు. నాకు సంతోషం కలిగింది. నాకోసమే రాసుకుంటున్నాను కనుక రాస్తున్నాను, సంతోషం కలిగింది. తర్వాత భయమేసింది. ఇది చచ్చిపోతే మళ్ళీ నా చేతిలోనే చచ్చినట్టు. మళ్ళీ కత్తెర, మళ్ళీ లెక్క. ఆ మాట రెండోసారి పడను, ఆయన కళ్ళతో అన్నా సరే.

వంటింట్లోకి వెళ్ళి షిన్‌పింగ్‌కి ఫోను చేశాను. ఇప్పుడు వాడికి ఊరవతల పెద్ద షెడ్డు ఉంది, రెండొందల ఊసరవెల్లులు.

"అమ్మగారూ, మాస్టారి త్సుయినా? నాకిస్తారా?" నమ్మలేకపోయాడు.

"ఇప్పుడే రా. పైకి రాకు, ఆయన నిద్రపోతున్నాడు. వీధిలో ఉండు."

కూరగాయల బుట్టలో తడిగుడ్డ పరిచి దాన్ని ఎక్కించాను. చేతికి చల్లగా తగిలింది, పొట్ట అంతా గుడ్లు గుడ్లుగా. బుస కొట్టింది కానీ కరవలేదు. ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళాను. రెప్పలు బిగించుకుని ఉన్నాడు. ఒక్కసారి తెరిచినా చూసేవాడే.

కింద షిన్‌పింగ్ కారు సీటు మీద చీకటి పెట్టె పెట్టాడు. "మళ్ళీ తవ్వుతుందంటావా?" అని అడిగాను.

"నల్లటి గదిలో పెడతానమ్మా. ఎవరూ తొంగి చూడరు. రెండు రోజుల్లో పెట్టేస్తుంది. మాస్టారికి చెప్పండి, బెంగ పెట్టుకోవద్దని."

"చెబుతాను" అన్నాను.

అక్టోబరు 17

ఏడింటికి దీపం వెలిగించాను. ఏడుంపావుకి ఆకులు తడిసేదాకా నీళ్ళు చల్లాను. ఎనిమిదింటికి కీచురాళ్ళు ఆరు, కాల్షియం పొడి చల్లి, గిన్నెలో వేశాను. పంజరంలో ఏమీ లేదు. కీచురాళ్ళు గిన్నె గోడ గీరుతుంటే ఆ చప్పుడు ఆయనకి వినపడుతుంది. పొద్దున నేను గుడ్డ లాగిన చప్పుడు విన్న దగ్గర్నుంచి కళ్ళు మూసే ఉన్నాడు.

"మళ్ళీ దిగింది" అన్నాను. "తవ్వుతోంది."

ఎందుకన్నానో తెలియదు. ఓదార్పుగా ఉంటుందని అనుంటాను. రెప్పలు ఇంకా గట్టిగా బిగించుకున్నాడు.

నాలుగింటికి ఫోన్లో షిన్‌పింగ్ ఫోటో పంపాడు. ఇరవై ఏడు. తెల్లగా, తడిగా, ఇసుకలో వరసగా. "అన్నీ మంచివే అమ్మగారూ. తల్లి క్షేమం. పురుగులు కూడా తింది. మాస్టారికి చూపించండి."

ఆయన మంచం పక్కనే కూర్చుని చూశాను. చాలాసేపు చూశాను. గుడ్లు అందంగానే ఉంటాయి, ఇన్నేళ్ళూ నేను సరిగ్గా చూడలేదు. ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఒక్క మాట చాలు. రేపటి లోపల చెబుతాను. చెప్పకపోవడానికి నాకేమీ కారణం లేదు.

సాయంత్రం మిగిలిన పురుగులు ఏరాను. ఆరు. ఎప్పటిలాగే ఏడింటికి గుడ్డ కప్పాను. కళ్ళు తెరిచి గుడ్డనే చూస్తూ పడుకున్నాడు.

అక్టోబరు 18

పదింటికి ఐదు నిమిషాల ముందే డాక్టర్ వెయ్ వచ్చాడు, వెంట ఇంకో ఆవిడ రాసుకోవడానికి. యూలియెన్ కొట్టు మూసి వచ్చింది. తొమ్మిదింటి నుంచి ఆయన చెవిలో చెబుతూనే ఉంది. "అన్నయ్యా, ఇవాళే. ఇవాళ చూడకపోతే కొండలకి పంపేస్తారు. అర్ధగంట. ఒక్క అర్ధగంట తెరువు."

ఆయన విన్నాడు. విన్నాడని నాకు తెలుసు. కంటి చివర్ల నుంచి నీళ్ళు కారాయి. రెప్పలు మాత్రం తెరవలేదు.

"లియావ్ గారూ, నా మాట వినపడితే కళ్ళు తెరవండి." లేదు. "కళ్ళు తెరవలేకపోతే రెండుసార్లు గట్టిగా నొక్కండి." మూసిన రెప్పలు వణుకుతూనే ఉన్నాయి, ఏది నొక్కడమో ఏది వణుకో ఎవరికి తెలుస్తుంది. డాక్టరు తనే రెప్ప ఎత్తాడు. తెల్లగుడ్డు. "కిందికి చూడండి. నా వేలు చూడండి." వేలు పంజరానికీ ఆయనకీ మధ్యలో ఉంది. ఆయన చూడలేదు. "ఆ నీళ్ళు?" అని యూలియెన్ అడిగితే, "గాలి తగిలినా కారతాయమ్మా" అన్నాడు.

"మొన్న సాయంత్రం మా అమ్మ పేరు చెప్పాడు డాక్టరు గారూ. పైకి చూసి చెప్పాడు. వదినా, నువ్వు చెప్పు. నువ్వూ ఉన్నావు కదా."

ఇద్దరూ నా వైపు తిరిగారు. రాసుకునే ఆవిడ కలం ఆపింది.

"నేను వంటింట్లో ఉన్నాను అప్పుడు" అన్నాను.

పావుగంట తక్కువ పదకొండుకి సంతకాలు అయ్యాయి. యూలియెన్ నన్ను చూసిన చూపు ఎలా ఉందంటే, రాయలేను. వాళ్ళని సాగనంపడానికి లిఫ్టు దాకా వెళ్ళింది.

అప్పుడు చెప్పాను. చెవి దగ్గర వంగి మెల్లగా చెప్పాను. "అది బుధవారమే వెళ్ళిపోయింది. షిన్‌పింగ్ దగ్గర ఉంది. ఇరవై ఏడు గుడ్లు పెట్టింది, అన్నీ మంచివే. పంజరంలో ఏమీ లేదు. ఎప్పుడో కళ్ళు తెరవాల్సింది మీరు."

కళ్ళు తెరిచాడు. ఖాళీ పంజరం చూశాడు, దీపం, ఆకుల మీద నీళ్ళు, గిన్నెలో పురుగులు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను, ఆ మొహంలో ఏముందో చూద్దామని. పదకొండేళ్ళుగా దానికోసమే ఎదురు చూశాను మరి.

ఏమీ లేదు. నన్ను చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

అక్టోబరు 19

తెరవలేదు.

అక్టోబరు 20

సాయంత్రం కూడా తెరవడం లేదు. పంజరం తీసి మేడ మీద పడేశాను. గుడ్డ కప్పాల్సిన పని లేదు. "ఏమీ లేదు, గోడే ఉంది" అని చెప్పాను. షిన్‌పింగ్ ఫోటో ఉందని చెప్పాను. చూపిస్తానన్నాను. గుడ్లకి వెచ్చదనం ఎంత పెట్టాలో షిన్‌పింగ్ అడుగుతున్నాడు, నోటుబుక్కులో ఆ పేజీ చిరిగింది, పైకి చూసి చెప్పండి అన్నాను. చిరగలేదు. అబద్ధమాడాను. ఐనా తెరవలేదు.

అక్టోబరు 21

డాక్టర్ వెయ్‌కి ఫోను చేశాను. "ఆయనకి తెలుసు. అన్నీ తెలుసు. మొదటి రోజు నుంచీ చూస్తున్నాడు. నేనే చెప్పలేదు" అన్నాను.

డాక్టరు జాలిగా మాట్లాడాడు. "ఇంటివాళ్ళందరికీ అలాగే అనిపిస్తుందమ్మా. పంపేముందు అందరూ ఫోను చేస్తారు. మీరు కాస్త నిద్రపోండి."

అక్టోబరు 24

తొమ్మిదింటికి వ్యాను వచ్చింది. నేను ఆయన చొక్కాలు, తువ్వాళ్ళు సర్దాను. నోటుబుక్కు కూడా సంచిలో పెట్టాను. యూలియెన్ తీసి పక్కన పెట్టింది.

"ఆరు నెలలకి మళ్ళీ చూస్తారట. వారం వారం నేను వెళ్తాను. నువ్వు రానక్కర్లేదు వదినా" అంది.

"నేను ఆయన పెళ్ళాన్ని" అన్నాను.

సంచి భుజానికేసుకుని స్ట్రెచర్ వెనకే నడిచింది. కింద వీధిలో స్ట్రెచర్ ఆపారు, డ్రైవరు వెనక తలుపు తియ్యడానికి. యూలియెన్ ఆయన మీదికి వంగింది. "అన్నయ్యా, నేను."

కళ్ళు తెరిచాడు. ఆరు రోజుల తర్వాత. ఎర్రగా ఉన్నాయి. ఆమెని చూసి పైకి చూశాడు. యూలియెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు కూడా చూశాడు. నేను పరుగున వెళ్ళి ఆమె పక్కన ఎదురుగా నిలబడ్డాను. "నేను కూడా ఉన్నాను" అన్నాను.

మూసుకున్నాడు.

యూలియెన్ నా మొహంలోకి చూడకుండానే అంది: "నువ్వు పక్కకి జరుగు వదినా."

జరిగాను.